తీర్పరిని ఎన్నుకొనే చెయ్యి ఎవరిది?

మా చిన్నతనంలో, పాతపట్నానికి కూతవేటు దూరంలో, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఒక ఇంటి పంపకాలు జరిగినవి. అన్నదమ్ములు నలుగురు. తండ్రి గతించినాడు. పల్లపు భూమి, మెట్ట, కొబ్బరి చెట్లు, గొడ్డూ గోదా - అన్నిటినీ ఊరి పెద్దలు కూర్చుండి నాలుగు వాటాలుగా కట్టినారు. వాటాలు కట్టడానికి రెండు రోజులు పట్టినది. పంచడానికి అరగంట కూడా పట్టలేదు. నాలుగు తాటాకు ముక్కలు చుట్టి చెంబులో వేసినారు. అరుగు మీద గవ్వలాడుకొంటున్న ఐదేళ్ల పిల్లను పిలిచి తీయమన్నారు. పిల్ల తీసినది, పెద్దలు చదివినారు, అన్నదమ్ములు తలలు ఊపినారు.

ఆ రాత్రి మా తాతగారిని అడిగినాను: "ఇంతమంది పెద్దవాళ్లు ఉండగా ఆ చిన్నపిల్ల చేత ఎందుకు తీయించినారు?" అని. తాతగారు నవ్వి, "దానికేటీ తెల్దురా. అందుకే దాన్ని తియ్యమన్నారు" అన్నారు. వాటాలు కట్టవలసినవాడు అన్నీ తెలిసినవాడు. వాటా తీయవలసినవాడు ఏమీ తెలియనివాడు. ఆ మాటలోని లోతు నాకు అప్పుడు తెలియలేదు. చాలా ఏండ్ల తరువాత, మా వీధిలో ఉంటున్న ఒక విశ్రాంత హవల్దారుగారి మాటలు వినునప్పుడు అది మళ్లీ జ్ఞప్తికి వచ్చినది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో సైన్యానికి పిల్లలను పంపిన ఇండ్లకు కొదువ లేదు. హవల్దారుగారు కూడా అట్టి ఇంటివారే. ఒకనాటి సాయంకాలం మాటల మధ్య, తాము ఒకప్పుడు కాపలా విధిలో ఉండి చూచిన ఒక కోర్టు మార్షల్ సంగతి చెప్పినారు. నిందితుడు సామాన్య సిపాయి. బల్ల వెనుక అధికారులు వరుసగా కూర్చున్నారు. విచారణ ఆరంభంలో వారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి, "ఈ అధికారులలో ఎవరైనా నిన్ను విచారించుటకు నీకు అభ్యంతరమున్నదా?" అని సిపాయిని అడిగినారట.

"ఏమన్నాడు?" అన్నాను.

"నో సర్ అన్నాడు. ఇంకేటంతాడు మాస్టారూ?" అన్నారాయన.

ఆ సిపాయి దోషియో నిర్దోషియో నాకు తెలియదు. ఆ అధికారులు ధర్మాత్ములే కావచ్చు. కాని ఆ "ఇంకేటంతాడు" అన్న మాట నన్ను వదలలేదు. బల్ల వెనుక కూర్చున్న ఆ పెద్దలను అక్కడ కూర్చుండబెట్టినది ఎవరు? తాటాకు చీటీ తీసిన పిల్ల వంటి చెయ్యి అక్కడ ఏదైనా ఉన్నదా? సైనిక విచారణలలో తీర్పరులను చీటీ పద్ధతిని, అనగా ఎవరి ఇష్టాయిష్టాలకూ సంబంధం లేకుండా ఎంపిక చేయవలెనా అన్న ప్రశ్న నేడు ప్రపంచంలోని పెద్ద దేశాలలో చర్చకు వచ్చి, కొన్నిచోట్ల శాసనంగా కూడా మారినది. ఇది ఎక్కడి మాటో అని మనం తోసిపుచ్చరాదు. మన తెలుగువారికి ఈ ప్రశ్నతో పాత బంధుత్వమున్నది.

ఉత్తర హిందూస్థానంలో ఒకప్పుడు కుంపిణీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారు. 1757 లో క్లైవు వెంట వంగదేశానికి పోయిన దళాలలో మద్రాసు వైపు సిపాయిలు ఉండుట వలన ఆ పేరు వచ్చి, తరువాత ఏ ప్రాంతపు సిపాయికైనా అదే పేరు నిలిచినది. 1857 లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలలో చాలామంది అయోధ్య ప్రాంతంవారు. అయినా ఢిల్లీ ప్రజలు వారిని తిలంగాలనే అన్నారు. మన జాతి పేరే సిపాయికి పర్యాయపదమైనదన్న మాట. 1780 అక్టోబరులో విశాఖపట్నంలోనే, ఓడలెక్కి మద్రాసు పోవలెనన్న ఆజ్ఞను కాదని సిపాయిలు తిరగబడినారు. ఇంత పాతది మనవారికీ సైనిక శిక్షలకూ గల పరిచయం.

సిపాయిలే కాదు, ఆయుధం పట్టిన ప్రజలు కూడా ఈ నేలమీద సైనిక న్యాయాన్ని చూచినారు. పాతపట్నం ఆనాడు పర్లాకిమిడి జమీందారీలోనిది. 1936 లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటూ, పాతపట్నం ఇటూ అయినవి గాని, అంతకుముందు రెండింటి కథా ఒకటే. 1832 మొదలు పర్లాకిమిడి, పాలకొండ, విశాఖ ప్రాంతాలలో జమీందారులు, బిసోయీలు, పాయకులు కుంపిణీపై తిరగబడగా, మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అను దొరను ప్రత్యేక కమీషనరుగా పంపినది. సైనిక శాసనం ప్రకటించే అధికారం కూడా ఆయనకు ఇచ్చినది. పాలకొండ జమీ 1833 నాటికి జప్తు అయిపోయినది.

దీనికి ఆధారమైన చట్టం 1808 నాటి మద్రాసు ఏడవ రెగ్యులేషను. ప్రభుత్వంపై ఆయుధం పట్టి దొరికినవానిని సామాన్య న్యాయస్థానానికి కాక కోర్టు మార్షల్‌కు అప్పగించవచ్చునని అందులో ఉన్నది. నేరం రుజువైతే మరణశిక్ష, ఆస్తి జప్తు. ఆ కోర్టులో కూర్చుండు అధికారులను నియమించేది ఎవరు? ఎవరిపై తిరుగుబాటు జరిగినదో ఆ పక్షమే. కొండదారిలో పట్టుబడిన పాయకునికి, తనను పట్టుకొన్నవారూ తనకు తీర్పు చెప్పేవారూ ఒకే డేరాలోనుండి వచ్చినట్లు కనబడి ఉండవలెను.

ఆ న్యాయం పాయకునికే పరిమితం కాలేదు. 1858 లో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షాను ఆయన కోటలోనే, ఎర్రకోటలోనే, ఐదుగురు ఆంగ్ల సైనికాధికారుల కమీషను విచారించినది. అదే కోటలో 1945 నవంబరులో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్ కోర్టు మార్షల్ ఎదుట నిలిచినారు. భూలాభాయ్ దేశాయ్ వారి పక్షాన వాదించినారు. కోర్టు వారిని దోషులని తేల్చి ద్వీపాంతరవాస శిక్ష విధించినది. ఆ తీర్పును ధ్రువపరచవలసినవాడు సర్వసేనాని ఆకిన్‌లెక్. దేశమంతటా రగిలిన ఆగ్రహాన్ని చూచి 1946 జనవరిలో ఆయన ఆ శిక్షను రద్దుచేసినాడు. మనం సంతోషించినాము. కాని ఆలోచింపుడు: శిక్షను రద్దుచేయగల చెయ్యి, దానిని ఖాయపరచగల చెయ్యి కూడా అయి ఉన్నది. ఆ ముగ్గురూ జైలు తప్పించుకొన్నది సేనాని నిర్ణయం చేత. న్యాయస్థానం చేత కాదు.

స్వాతంత్ర్యానంతరం మనం 1950 సైనిక చట్టాన్ని చేసుకొన్నాము. అందులో కోర్టు మార్షల్ నాలుగు విధాలు. జనరల్ కోర్టు మార్షల్‌లో ఐదుగురికి తక్కువ కాకుండా అధికారులు ఉండవలెను. వారిలో ప్రతివారూ కనీసం మూడేండ్లు కమీషన్ పొంది పనిచేసినవారై ఉండవలెను. నలుగురు కనీసం కెప్టెన్ హోదా గలవారై ఉండవలెను. డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌కూ, సమ్మరీ జనరల్ కోర్టు మార్షల్‌కూ ముగ్గురు చాలును. నాలుగవది సమ్మరీ కోర్టు మార్షల్. అందులో దళాధిపతి ఒక్కడే న్యాయస్థానం. మరి ఇద్దరు ప్రక్కన కూర్చుందురు గాని వారికి ప్రమాణమూ లేదు, ఓటూ లేదు.

మొదటి మూడింటిలోనూ కోర్టును సమావేశపరచే అధికారి ఒకడుంటాడు. విచారణ జరగవలెనని నిశ్చయించేదీ ఆయనే. విచారించే సభ్యులను నియమించేదీ ఆయనే. ఈ ఒక్క సంగతిలోనే మన ప్రశ్న అంతా ఉన్నది.

చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించలేదని అనరాదు. నిందితునిపై దర్యాప్తు జరిపినవాడు, అభియోగం నడిపేవాడు, సాక్షి, నిందితుని దళాధిపతి, స్వప్రయోజనం గలవాడు - వీరెవ్వరూ సభ్యులుగా కూర్చుండరాదని 1954 సైనిక నియమాలు చెప్పుచున్నవి. సాధ్యమైనంతవరకు సభ్యులు వేర్వేరు దళాలనుండి రావలెనని కూడా ఉన్నది. సభ్యుల ఓట్లు సమానమైనచో ఆ ఫలం నిందితునికే. జనరల్ కోర్టు మార్షల్‌లో మూడింట రెండు వంతుల సభ్యులు సమ్మతించనిదే మరణశిక్ష లేదు. అన్నిటికంటె నాకు నచ్చిన నియమం మరొకటి. సభ్యుల అభిప్రాయాలు తీసుకొనునప్పుడు అందరికంటె చిన్న హోదావానితో మొదలుపెట్టవలెను. పెద్దవాడు ముందు నోరు విప్పితే చిన్నవాడి అభిప్రాయం పెద్దవాడిదే అయిపోవునని ఆ నియమకర్తలకు తెలియును. తరగతి గదిలో ప్రశ్న వేసి, మొదటి బల్ల పిల్లవానిచేతనే ఎప్పుడూ జవాబు చెప్పించే ఉపాధ్యాయునికీ ఈ సంగతి తెలిసి ఉండవలెను.

ఇక హవల్దారుగారు చెప్పిన పేర్ల పఠనం. అది ఆ చట్టంలోని 130వ సెక్షను. నిందితుడు ఒక సభ్యునిపై అభ్యంతరం చెప్పవచ్చును. అప్పుడు ఆ సభ్యుడు జవాబు చెప్పుకొన్న పిమ్మట, తక్కినవారు అతడు లేనప్పుడు ఆలోచించి తేల్చవలెను. సగంమంది ఒప్పుకొంటే ఆ సభ్యుడు తప్పుకోవలసినదే. చూచుటకు ఇది గొప్ప హక్కు. కాని దానిని వాడవలసినవాడు సిపాయి, వాడవలసినది అధికారిపై, వాడవలసిన చోటు ఆ అధికారి ఎదుట. అభ్యంతరం నెగ్గకపోతే ఆ అధికారే తీర్పు చెప్పును. "ఇంకేటంతాడు మాస్టారూ?"

ఈ భయం ఊహామాత్రం కాదనుటకు మన సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక వ్యవహారమే సాక్షి. రంజిత్ ఠాకూర్ అను సిగ్నల్‌మన్ తన పై అధికారి తనను హింసించినాడని పైవారికి ఫిర్యాదు వ్రాసుకొన్నాడు. ఆ ఫిర్యాదును పై అధికారి ద్వారా కాక నేరుగా పంపినందుకు అతనికి ఇరువదియెనిమిది దినాల కఠిన శిక్ష పడినది. ఆ శిక్ష అనుభవిస్తూ ఉండగా, 1985 మే నెలలో, భోజనం తినుమన్న ఆజ్ఞను పాటించలేదని మరొక అభియోగం. మరునాడే సమ్మరీ కోర్టు మార్షల్. ఏ అధికారిపై అతడు ఫిర్యాదు వ్రాసినాడో ఆ అధికారే ఆ విచారణలో కూర్చున్నాడు. ఏడాది కఠిన కారాగారం, ఉద్యోగం నుండి తొలగింపు. 1987 లో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసినది. తీర్పరి మనసులో నిజముగా పక్షపాతమున్నదా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎదుట నిలిచినవానికి అట్టి అనుమానం కలుగుటకు న్యాయమైన కారణమున్నదా అన్నదే ప్రశ్న అని న్యాయమూర్తులు చెప్పినారు.

తీర్పరి గుండెను చీల్చి చూడగలవాడెవడు? లోకంలోని ఏ న్యాయస్థానమూ ఆ పని చేయలేదు. చేయగలిగినదల్లా తీర్పరి అక్కడికి ఎట్లు వచ్చినాడో అందరికీ కనబడునట్లు చేయుట. అంతకు అయిదేండ్లు ముందు, 1982 లో, లెఫ్టినెంట్ కర్నల్ పృథీపాల్ సింగ్ బేదీ ప్రభృతులు కోర్టు మార్షల్ సభ్యుల నియామక విధానాన్నే సుప్రీంకోర్టులో ప్రశ్నించినారు. వారి వాదం నెగ్గలేదు. సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం క్రింద పార్లమెంటుకు ఉన్నదని కోర్టు గుర్తుచేసినది. అయినను, కోర్టు మార్షల్ తీర్పుపై ఒక్క అప్పీలైనా లేకపోవుట విచారకరమని అదే తీర్పులో బాధపడినది. ఆ మాటకు ఫలితం కనబడుటకు పాతికేండ్లు పట్టినది. సైనిక దళాల ట్రిబ్యునల్ చట్టం 2007 లో వచ్చినది. ట్రిబ్యునల్ 2009 లో పని ప్రారంభించినది. తీర్పు తరువాత తలుపు తెరిచినారు. తీర్పుకు ముందటి తలుపు, అనగా సభ్యులను ఎన్నుకొనే తలుపు, మాత్రం పాత తాళంతోనే ఉన్నది.

చీటీతో తీర్పరిని ఎన్నుకొనుట మన దేశానికి వింత కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షను, జ్యూరీ సభ్యులను పిలువబడినవారిలోనుండి చీటీ వేసి ఎన్నుకొనవలెనని స్పష్టంగా చెప్పినది. చిత్రమేమనగా, మన దేశంలో అందరికీ తెలిసిన జ్యూరీ వ్యవహారంలో నిందితుడు ఒక సైనికాధికారి. నౌకాదళ కమాండర్ నానావతి 1959 లో బొంబాయిలో ఒకనిని కాల్చి చంపినాడు. అతనిని కోర్టు మార్షల్ చేయలేదు. మామూలు సెషన్సు కోర్టులో తొమ్మండుగురు జ్యూరర్ల ఎదుట నిలబెట్టినారు. ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. న్యాయమూర్తి ఆ తీర్పును అంగీకరించక హైకోర్టుకు నివేదించినాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసినది. 1961 లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినది. పత్రికల హోరులో జ్యూరర్ల మనసు కొట్టుకొనిపోయినదని లోకం అనుకొన్నది. ఆ వ్యవహారంతోనే జ్యూరీ అంతరించినదని చాలామంది అనుకొందురు గాని, జ్యూరీని తీసివేయవలెనని లా కమీషను 1958 లోనే సిఫారసు చేసినది. చట్టం నుండి అది పూర్తిగా తొలగినది 1973 కోడ్‌తో.

కనుక చీటీ వేసినంత మాత్రాన న్యాయం దానంతట అదే పండునని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ఈ సంగతి ప్రాచీన గ్రీకులకు మనకంటె బాగా తెలియును. ఏథెన్సులో ప్రతి ఏటా ఆరువేలమంది జ్యూరర్లను పౌరులలోనుండి చీటీ పద్ధతిని ఏర్పరచేవారు. సేనానులను మాత్రం చీటీతో కాదు, ఓటుతో ఎన్నుకొనేవారు. యుద్ధం నడపుటకు నేర్పరి కావలెను; తీర్పు చెప్పుటకు ఎవరి మనిషీ కానివాడు కావలెను అన్నది వారి తర్కం.

క్రీస్తుపూర్వం 406 లో అర్గినూసే అనుచోట ఏథెన్సు నౌకాదళం గొప్ప విజయం సాధించినది. కాని తుపాను వలన, మునిగిన ఓడలలోని తమవారిని సేనానులు రక్షించలేకపోయినారు. నగరం ఆగ్రహించినది. ఎనిమిదిమంది సేనానులలో ఇద్దరు తిరిగి రాలేదు. వచ్చిన ఆరుగురినీ ఒకే ఓటుతో, ఒక్కొక్కరి మాట విడివిడిగా వినకుండా, మరణశిక్షకు గురిచేయవలెనని ప్రజాసభలో ప్రతిపాదన వచ్చినది. అది చట్టవిరుద్ధం. ఆనాటి సభా నిర్వాహక వర్గంలో చీటీ ఎన్నిక వలన వచ్చి కూర్చున్నవాడు సోక్రటీసు. జనం అరచినారు, బెదిరించినారు. అతడొక్కడు మాత్రం చట్టవిరుద్ధమైన పనికి తాను ఒప్పుకొననన్నాడు. అతని మాట సాగలేదు. ఆరుగురినీ చంపినారు, పిమ్మట నగరం పశ్చాత్తాపపడినది.

ఎవరో ఏరి కూర్చుండబెట్టి ఉంటే, ఆ రోజు ఆ పీఠంపై సోక్రటీసు వంటివాడు ఉండేవాడా? ఉండడు. ఏరేవాడు తలూపేవానిని ఏరుకొనును. చీటీకి అట్టి తెలివి లేదు. అదే దాని సుగుణం. అయితే మరొక సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. ఏడేండ్ల తరువాత, 399 లో, అదే సోక్రటీసుకు విషం త్రాగించిన జ్యూరర్లు కూడా చీటీతో వచ్చినవారే! చీటీ వివేకాన్ని ఇవ్వదు. ఒకరి చేతివాటాన్ని తొలగించును, అంతే. తక్కినదంతా మనిషి చేయవలసినదే.

మన ప్రక్కనే మరింత చక్కని ఉదాహరణమున్నది. కంచి దాపున ఉత్తరమేరూరు గ్రామంలో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు శాసనాలు, క్రీస్తుశకం 919, 921 నాటివి, గ్రామసభ సంఘాలకు సభ్యులను కుండలో తాటాకు చీటీలు వేసి ఎన్నుకొనే విధానాన్ని వివరంగా చెప్పుచున్నవి. ముందు అర్హతలు: సొంత భూమి, సొంత ఇల్లు, విద్య, ముప్పదియైదు దాటి డెబ్బదికి లోపు వయస్సు. లెక్కలు అప్పగించనివానికీ వాని బంధువులకూ ప్రవేశం లేదు. ఆ పిమ్మట పేర్లు వ్రాసిన చీటీలు కుండలో. సభ అంతటికీ కనబడునట్లు కుండను పైకెత్తి పట్టుకొందురు. లోపల ఏమున్నదో ఎరుగని ఒక బాలునిచేత చీటీ తీయింతురు. మా పల్లెలో గవ్వలాడుకొంటున్న పిల్లకు వేయిన్ని కొన్ని ఏండ్లకు పూర్వపు అన్న ఆ బాలుడు!

ఈ రెండు మెట్ల పద్ధతినే, ముందు అర్హత, తరువాత చీటీ, నేటి సైనిక న్యాయశాస్త్రం పాశ్చాత్య దేశాలలో కనుగొన్నది. బ్రిటనులో ఫిండ్లే అను సైనికుడు ఫాక్లండ్స్ యుద్ధంలో పాల్గొని మనసు చెదరినవాడు. 1991 లో అతనిని కోర్టు మార్షల్ చేసినారు. సమావేశపరచిన అధికారే సభ్యులను ఏరినాడు. సభ్యులందరూ ఆయన క్రింది హోదావారే. 1997 లో యూరోపియను మానవహక్కుల న్యాయస్థానం ఇది నిష్పక్షపాత న్యాయస్థానం కాదన్నది. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే, 1996 చట్టం ద్వారా బ్రిటను సమావేశాధికారి పదవినే తీసివేసినది. నేడు అక్కడ సైనిక శ్రేణికి బయటనున్న కోర్టు పాలనాధికారి సభ్యులను యాదృచ్ఛికంగా ఎంపిక చేయుచున్నాడు. కెనడాలో 1992 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి సైనిక కోర్టుల స్వతంత్రతను ప్రశ్నించగా, 1999 నుండి జనరల్ కోర్టు మార్షల్‌లోని ఐదుగురు సభ్యులనూ యాదృచ్ఛిక పద్ధతిని ఏర్పరచుచున్నారు.

అమెరికా చాలాకాలం మొండికెత్తినది. 1950 నాటి వారి సైనిక న్యాయ స్మృతి ప్రకారం వయస్సు, విద్య, శిక్షణ, అనుభవం, సర్వీసు కాలం, న్యాయబుద్ధి - వీటినిబట్టి ఉత్తములని తనకు తోచినవారిని సమావేశాధికారే ఏరవలెను. ఉత్తముడు ఎవరన్నది ఎవరికి తోచవలెను? అభియోగాన్ని విచారణకు పంపినవానికే! 2022 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెసు ఆ చట్టాన్ని సవరించినది. అర్హతలు అట్లే ఉంచి, అర్హులలోనుండి సభ్యులను సాధ్యమైనంతవరకు యాదృచ్ఛికంగానే ఎంపిక చేయవలెనని ఆదేశించి, రెండేండ్ల గడువు పెట్టినది. ఆ గడువు 2024 డిసెంబరుతో తీరినది.

"సైన్యం సైన్యమే, అది గ్రామసభ కాదు" అని అనువారున్నారు. వారి మాటలో బలమున్నది. హిమశిఖరం మీద పహరా ఉన్న దళంలో చీటీ వేసి ఒక కంపెనీ కమాండరును న్యాయస్థానానికి పిలిస్తే సరిహద్దు ఎవరు కాయవలెను? క్రమశిక్షణ లేని సైన్యం సైన్యమే కాదు. సేనాపతి చేతిలో శిక్షాధికారం లేకపోతే ఆజ్ఞకు బలమేది? సైనిక నేరాల తీరు సైనికునికే తెలియును గదా?

ఈ ఆక్షేపణలకు సమాధానాలు లేకపోలేదు. తీర్పు చెప్పువాడు సైనికుడు కారాదని ఎవరూ అనుట లేదు. ఏ సైనికుడన్నదే ప్రశ్న. యుద్ధరంగంలో ఉన్నవానిని, వ్యాధిగ్రస్తుని, దూరదేశంలో ఉన్నవానిని పట్టికనుండి ముందే తొలగించి, మిగిలినవారిలో చీటీ వేయవచ్చును. విచారణ జరగవలెనా వద్దా అని నిర్ణయించే అధికారం సేనాపతికే ఉంచవచ్చును. దానితో క్రమశిక్షణకు లోటు రాదు. అతని చేతినుండి తీయవలసినది ఒక్కటే: తాను అభియోగం మోపినవానికి తీర్పరులను తానే ఏరుట. కంచే చేను మేస్తుందని కాదు నా భావం. మేయకపోయినా, మేసినదన్న అనుమానం కంచెకు మంచిది కాదు. చీటీ వలన మేలు పొందువాడు సిపాయి ఒక్కడే కాదు. నిజాయితీగా తీర్పు చెప్పిన అధికారి కూడా. "నిన్ను ఏరి కూర్చుండబెట్టినారు" అని రేపు అతనిని ఎవరూ వేలెత్తి చూపలేరు.

చీటీ అన్నిటికీ మందు కాదని సోక్రటీసు కథలోనే చూచినాము. కూర్చున్నవాని పదోన్నతి రేపు ఎవరి కలంలో ఉన్నదన్న భయం చీటీతో పోదు. దానికి వేరే కాపుదల కావలెను. అప్పీలు కావలెను; నిందితుని పక్షాన వాదించువాడు కావలెను; కారణాలు వ్రాసిన తీర్పు కావలెను. ఇవన్నీ ఇంటి గోడలు. చీటీ పునాదిలోని ఒక రాయి మాత్రమే. కాని పునాదిలోని రాయి.

రోమను సైన్యంలో ఒక ఘోరాచారముండేది. పిరికితనం చూపిన దళంలో చీటీలు వేసి పదిమందికి ఒకనిని ఎంచి, వానిని తోటి సైనికులచేతనే కొట్టి చంపించేవారు. ఆనాడు చీటీ సైనికునికి మృత్యువును ఎంచినది. నేడు చీటీ సైనికునికి తీర్పరిని ఎంచుచున్నది. మానవజాతి రెండువేల ఏండ్లలో నడచిన దూరం చిన్నది కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఈ ప్రశ్నను ఎర్రకోటకూ, ఏథెన్సుకూ వదలివేయకండి. మన పాఠశాలలో ఒక పిల్లవానిపై నింద పడినప్పుడు, నింద మోపినవారే విచారించే సందర్భాలు తక్కువా? వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతలను పిలుచునప్పుడు, బహుమతి ఎవరికి రావలెనో ముందే అనుకొన్నవారు పిలిచే సందర్భాలు లేవా? ఒకసారి తరగతిలో చీటీలు వేసి ఐదుగురు పిల్లలను ఎన్నుకొని, ఒక చిన్న తగవు వారికి అప్పగించి చూడండి. ఓడినవాడు కూడా ఎట్లు తల ఊపునో మీరే చూతురు. అట్లు తల ఊపిన పిల్లవాడు రేపు సిపాయి కావచ్చును, అధికారి కావచ్చును, శాసనసభకు కూడా పోవచ్చును. తొలి లోక్‌సభకు 1952 లో మన పాతపట్నం నియోజకవర్గం నుండే వెళ్లిన వి.వి. గిరిగారు తరువాత రాష్ట్రపతి అయినారు. రాష్ట్రపతి అనగా సర్వసైన్యాధ్యక్షుడు. కనుక ఈ ఊరి తరగతి గదిలో నేర్పే పాఠం ఎంత దూరం పోవునో ఎవరు చెప్పగలరు?

మొన్న హవల్దారుగారికి ఈ విదేశాల సంగతులన్నీ వివరించినాను. ఓపికగా విన్నారు. చివరకు, "అయితే మాస్టారూ, చీటీ తీసినా పేర్లు చదువుతారు కదా?" అన్నారు. చదువుతారన్నాను. "అభ్యంతరమున్నదా అని అడుగుతారు కదా?" అడుగుతారన్నాను. ఆయన కొంచెం సేపు ఆలోచించి అన్నారు: "అప్పుడు కూడా నో సర్ అనే అంతాడు. కాని ఆ నో సర్ వేరు."

ఇన్ని చట్టాలు చదివి నేను చెప్పలేకపోయిన మాటను ఆయన ఒక్క ముక్కలో చెప్పినారు.